ఏప్రిల్ 1న కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

1999 జులైలో అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ కొత్త ఈఆర్‌పీకి, అంటే ఆర్డర్లు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌కు, మారింది. అక్టోబరు ఆఖరున పిల్లలకు మిఠాయిలు పంచే హాలోవీన్ పండగ ఆర్డర్లు ముంచుకొచ్చే వేళ అది. సరుకు గోడౌన్లలోనే ఉన్నా, ఎక్కడుందో సిస్టమ్‌లోకి సరిగా ఎక్కలేదు. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు ఆగిపోయాయి. మన ఊళ్లో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ కొత్త బిల్లింగ్‌కు మారినా దెబ్బ తగిలేది అక్కడే: ఎంచుకున్న తేదీ, స్టాకు లెక్క.

లెడ్జర్లు కొత్తగా మొదలవుతాయని అందరూ ఏప్రిల్ 1 అంటారు. కానీ మార్చి ఆఖరంతా టార్గెట్ల హడావుడే. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బీ (పన్ను కట్టే రిటర్న్) ఉండనే ఉన్నాయి. ఫిబ్రవరిలో రిహార్సల్ పూర్తికాకపోతే ఆ తేదీ వదిలేయండి. వానాకాలం జ్వరాలు మొదలయ్యేలోపు, మేలో మారినా కొంపేం మునగదు. అప్పుడు బిల్లులకు వేరే సిరీస్ పెట్టాలి: ఒకే ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు రెండుసార్లు రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు.

పాత కంప్యూటర్‌లోని స్టాకును యథాతథంగా దించుకుంటే పాత తప్పులూ వెంటే వస్తాయి. ఆదివారం షట్టర్ దించి, ఇద్దరిద్దరుగా, ర్యాకుల వారీగా, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీతో సహా లెక్కపెట్టండి. బ్యాచ్ లేకుండా మొత్తం మాత్రమే ఎక్కిస్తే ఎక్స్‌పైరీ సరుకు కంపెనీకి వాపసు పంపేటప్పుడు చిక్కుపడతారు.

రెండు వారాలు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడపండి, అదీ ఒక్క కౌంటర్‌లోనే. అన్ని కౌంటర్లలో పెడితే కుర్రాళ్లు పాతదాంట్లో బిల్లు కొట్టి, రాత్రికి కొత్తదాంట్లో గుత్తగా ఎక్కిస్తారు. లెక్కలు కలిసినట్టే కనిపిస్తాయి, పరీక్ష మాత్రం జరగదు. ఎంట్రీల సమయం చూస్తే దొరికిపోతుంది.

ఏ షాపుకు ఎంత డిస్కౌంటో, ఎవరికి ఎన్ని రోజుల అరువో పెద్ద గుమస్తాకు నోటికి ఉంటుంది. అదంతా కొత్త సాఫ్ట్‌వేర్‌లో షాపుల వివరాలుండే మాస్టర్‌లోకి రావాలి. ఆయన్ని డెమోకు ముందే కూర్చోబెట్టి, ఉద్యోగానికి ఢోకా లేదని మీరే చెప్పండి. ఆ మాట సాఫ్ట్‌వేర్ అమ్మే వెండర్ చెబితే నమ్మరు.

వెనక్కి ఎప్పుడు తగ్గాలో ముందే కాగితం మీద రాయండి. ఉదాహరణకు: పూర్తిగా మారాక మూడో రోజు మధ్యాహ్నానికీ బిల్లుకు ఐదు నిమిషాలు పడుతుంటే పాతదానికే పోవాలి. నిర్ణయం ఒక్కరిదే, వెండర్‌ది కాదు. పాత లైసెన్సును వెంటనే వదులుకోకండి. జీఎస్‌టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి, ముందు బిల్లులన్నీ పీడీఎఫ్‌లుగా దించుకోండి.