థైరాయిడ్ బయాప్సీ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: గడ్డ పొర దాటిందా?

పాపిల్లరీ క్యాన్సర్‌ను కణకేంద్రకాల రూపాన్ని బట్టి గుర్తుపడతారని కిందటి పాఠంలో చూశాం. ఈసారి ఫాలిక్యులర్ రకం. ఇక్కడ ఆ కిటుకు పనిచేయదు. క్యాన్సర్ కాని ఫాలిక్యులర్ అడినోమా కణాలూ, ఫాలిక్యులర్ క్యాన్సర్ కణాలూ మైక్రోస్కోప్‌లో అచ్చం ఒకేలా కనిపించవచ్చు. కణం ఎలా ఉందని కాదు, ఎక్కడిదాకా వెళ్లిందని చూడాలి.

సూదితో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ దీన్ని తేల్చలేకపోయేది అందుకే. సూదిలోకి కణాలు వస్తాయి గానీ, గడ్డ చుట్టూ ఉన్న పొర రాదు. రిపోర్టులో ‘ఫాలిక్యులర్ నియోప్లాజమ్’ (ఫాలిక్యులర్ కణితి, ఏ రకమో తేలలేదు) అని చూసి, డాక్టర్ ఏదో దాస్తున్నారని టెన్షన్ పడేవాళ్లుంటారు. దాచడమేమీ లేదు, ఆ శాంపిల్‌లో జవాబే ఉండదు. గడ్డను ఆపరేషన్ చేసి తీసి, అంచు వెంబడి ముక్కలు కోసి చూడాల్సిందే.

ఇప్పుడు రిపోర్టులో రెండు మాటలు వెతకండి.

మొదటిది క్యాప్సూలర్ ఇన్వేజన్. క్యాప్సూల్ అంటే గడ్డను చుట్టుకుని ఉండే నారపొర. కణాలు ఆ పొరను లోపలి నుంచి బయటి దాకా చీల్చుకుని, అవతల పుట్టగొడుగు తలలా విచ్చుకుంటే దాటినట్టు. పొర మధ్యలోనే ఆగిపోయినట్టు కనిపిస్తే తొందరపడి పేరు పెట్టరు, ఇంకా లోతుగా ముక్కలు కోసి చూస్తారు.

రెండోది వాస్క్యులర్ ఇన్వేజన్. నన్నడిగితే రిపోర్టులో అన్నిటికన్నా నిదానంగా చదవాల్సిన వాక్యం ఇదే. పొరలో గానీ, దాని బయట గానీ ఉన్న రక్తనాళంలోకి కణాలు చేరాయా అన్నది ప్రశ్న. నాళంలో విడిగా తేలుతున్న నాలుగు కణాలను లెక్కలోకి తీసుకోరు, కోసేటప్పుడు కత్తి వెంట జారి పడి ఉండొచ్చు. నాళం గోడకు అంటుకుని ఉండాలి, లేదా వాటి చుట్టూ రక్తం గడ్డకట్టి ఉండాలి. ఇలాంటి నాళాలు 4 లేదా అంతకు మించి ఉంటే ప్రమాదం ఎక్కువ.

పాపిల్లరీ ఎక్కువగా లింఫ్ దారిన మెడలోని గ్రంథులకు చేరుతుంది. ఫాలిక్యులర్‌ది రక్తం దారి, అది ఊపిరితిత్తులకూ ఎముకలకూ పోతుంది. అయితే ఎముకలో స్థిరపడ్డాక కూడా చాలాసార్లు ఆ కణం తన థైరాయిడ్ గుణం వదులుకోదు, అయోడిన్‌ను పీల్చుకుంటూనే ఉంటుంది. రేడియోధార్మిక అయోడిన్-131 దాన్ని అక్కడిదాకా వెతుక్కుంటూ వెళ్లగలిగేది ఆ గుణం వల్లే.

అభ్యాసం: ‘పొర బయటి నాళం ఒకదానిలో, గోడకు అంటుకున్న కణితి ముక్క ఉంది. క్యాప్సూల్ ఎక్కడా పూర్తిగా చీలలేదు.’ ఇది అడినోమానా, క్యాన్సరా? ఏ మాటను బట్టి చెప్పారో దాని కింద గీత గీయండి. జవాబుతో 4వ పాఠం మొదలుపెడదాం.