ముఖానికి రాసే ఫౌండేషన్ గీతలు గీతలుగా వస్తోందా? కొత్త బ్రష్ కొనే ముందు పాతదాని మొదలు నొక్కి చూడండి

నేను పర్లాకిమిడిలో ఉంటాను, పెళ్లికూతుళ్లకి మేకప్ వేస్తాను, ఇటు పాతపట్నం టెక్కలి, అటు గుణుపురం బరంపురం దాకా వెళ్తుంటాను. మన తెలుగు పిల్లలు అక్కా అని, ఒడియా పిల్లలు అపా అని ఫోన్ చేసి అడిగేది మాత్రం ఒకటే, ఫౌండేషన్ గీతలు పడుతోంది, ఏ బ్రష్ కొనమంటారు అని. కొనడం తర్వాత చూద్దాం. ఉన్న బ్రష్ వెంట్రుకలు విడదీసి, రేకు గొట్టంలోంచి బయటికొచ్చే చోట, అంటే మొదట్లో, వేళ్లతో నొక్కి చూశారా? ఎవరూ చూడరు. చివర్లు బుగ్గకి రాసుకుని మెత్తగానే ఉంది కదా అనుకుంటారు. చివర్లు మెత్తగానే ఉంటాయండీ, తేడా అంతా మొదట్లోనే ఉంటుంది.

మొదట్లో చల్లగా, తడిగా తగిలితే

ఆరలేదు, అంతే. పైకి పొడిగా కనిపిస్తుంది, లోపల నీళ్లుంటాయి, ఆ నీళ్లు ఫౌండేషన్‌లో కలిసి ఒకచోట పల్చగా ఒకచోట మందంగా పడుతుంది. ఫౌండేషన్‌ని గుండ్రంగా తిప్పుతూ పరిచే ఒత్తైన బఫింగ్ బ్రష్ అయితే వానాకాలం మన వైపు పూర్తిగా ఒక రోజు పడుతుంది, రాత్రి కడిగి తెల్లవారుజామున ముహూర్తానికి పట్టుకెళ్తే కుదరదు. కడిగాక గ్లాసులో నిలబెట్టకండి, నీళ్లు రేకులోకి దిగి లోపల జిగురు వదిలేస్తుంది, పిడి కూడా ఊగుతుంది. బల్ల అంచు మీద పడుకోబెట్టి వెంట్రుకలు బయటికి ఉండేలా పెట్టండి. వేడి నీళ్లు, వేడి డ్రయ్యర్ వద్దు.

తడి లేదు, కానీ మొదట్లో గట్టిగా, జిడ్డుగా, ముద్ద కట్టినట్టు తగిలితే

నన్ను ఏడాది తిప్పలు పెట్టింది ఇదే, అందుకే వివరంగా రాస్తున్నాను. ఫౌండేషన్ మార్చాను, దాని కింద రాసే ప్రైమర్ మార్చాను, రెండు బ్రష్‌లు కొన్నాను. కొత్తది మూడు నాలుగు సార్లు కడిగేదాకా బాగుండేది, తర్వాత మళ్లీ అవే గీతలు. మురికి పోలేదేమో అని ఇంకా సబ్బు పెట్టి రుద్దేదాన్ని, ఇంకా పాడయ్యేది. ఒక రోజు కరెంటు పోయి మోటార్ ఆడలేదు, బయట వాన, చూరు కింద పెట్టిన తప్పేలాలో నీళ్లతో కడిగేశాను. అదే సబ్బు కొంచెం పెడితేనే నురగ పొంగిపోయింది, అలా రెండు మూడు సార్లు వాన నీళ్లతోనే కడిగేసరికి ఫౌండేషన్ వెన్నలా పరుచుకుంది. అప్పుడు తెలిసింది, తప్పు బ్రష్‌ది కాదు, మా బోరు నీళ్లది.

ఏం జరుగుతుందంటే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు వాటితో కలిసి నీళ్లలో కరగని తెల్ల తెట్టు అవుతుంది. బకెట్ చుట్టూ పట్టేసే తెల్ల గీత అదే. ఆ తెట్టు వెంట్రుకల మొదట్లో పట్టుకుంటుంది, దాని మీద ఫౌండేషన్ జిడ్డు చేరుతుంది, పది వెంట్రుకలు కలిసి ఒక పుల్లలా అయిపోతాయి, ఇక బ్రష్ ముఖం మీద చీపురులాగే గీస్తుంది. సబ్బుతో ఎంత కడిగితే అంత పేరుతుంది కాబట్టి శుభ్రంగా ఉండేవాళ్లకే ఇది ఎక్కువొస్తుంది, ఆ సంగతి నాకు బాధగా ఉంటుంది.

మీ నీళ్లు అలాంటివో కాదో చూడ్డం తేలిక, ఆ నీళ్లతో పప్పు ఓ పట్టాన ఉడకదు, కుళాయి మూతికి తెల్లగా పెచ్చు కడుతుంది. ఇంకా అనుమానం ఉంటే సీసాలో సగం నీళ్లు పోసి సబ్బు తురుము కొంచెం వేసి ఊపండి, నురగ రాకుండా విరిగిన పాలలా అయితే అవే.

బాగు చెయ్యడానికి తెల్ల వెనిగర్ కావాలి, నూడుల్స్ బండి వాళ్లు వాడేదే. ఒక వంతు వెనిగర్‌కి రెండు వంతుల నీళ్లు. వెంట్రుకలు మాత్రమే మునగాలి, రేకుకి తగలకూడదు, రెండు మూడు నిమిషాలు చాలు, మేక వెంట్రుకల బ్రష్ అయితే ఒక్క నిమిషం. తీసి అరచేతిలో మెల్లగా తిప్పి కడిగి, తర్వాత పిల్లల షాంపూ పెట్టండి. సబ్బు బిళ్ల వద్దు, పిల్లల సబ్బు అయినా సబ్బే, షాంపూ అయితే తెట్టు కట్టదు. ఆఖరిగా ఒక చెంబుడు ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు గాని వాన నీళ్లు గాని పొయ్యండి. వాసన ఆరేసరికి పోతుంది.

మొదలు శుభ్రంగా, పొడిగా ఉండి కూడా గీతలు వస్తే

అప్పుడు బ్రష్ రకమో, చెయ్యో చూడాలి. లిక్విడ్ ఫౌండేషన్‌కి, క్రీమ్‌కి సింథటిక్, అంటే కృత్రిమ వెంట్రుకల బ్రష్ వాడండి, జంతువు వెంట్రుక లిక్విడ్‌ని తాగేస్తుంది. రంగులేసే కుంచెలా బల్లపరుపుగా ఉండేది గీతలే గీస్తుంది, ఒత్తుగా గుండ్రంగా ఉన్నది తీసుకుని ముందు తట్టి తర్వాత చిన్న చిన్న సున్నాలు చుట్టండి. ఎండాకాలం పెళ్లిళ్లలో చెమట టిష్యూతో అద్దకుండా మొదలెట్టొద్దు.

పౌడర్, బ్లష్ మచ్చలుగా పడితే

ఒత్తు బ్రష్‌తో పౌడర్ వేస్తున్నారన్నమాట. వదులుగా, గుబురుగా ఉన్నది వాడి, విదిలించి వెయ్యండి. ఇక్కడ మేక వెంట్రుక మంచిది, దాని మీద సన్నని పొలుసులుంటాయి, పౌడర్ పట్టి సమానంగా వదులుతుంది. కింద ఫౌండేషన్ తడిగా ఉంటే మాత్రం ఏ బ్రష్ అయినా ముద్దే చేస్తుంది.

సన్న బ్రష్ కొన చీలిపోతే

ఒడియా పెళ్లికూతురి నుదుట చందనం చుక్కలు పెట్టిన బ్రష్‌తోనే ఐలైనర్ గీస్తున్నారా? ఆరిన చందనం లోపల రాయి అవుతుంది. దానికి వేరే బ్రష్ ఉంచుకుని, పెట్టిన వెంటనే కడిగేయండి.

మిగతావి

కొత్త బ్రష్ మొదటి రెండు కడుగుళ్లలో నాలుగు వెంట్రుకలు రాలడం మామూలే, ఆ తర్వాత కూడా రాలుతుంటే జిగురు పోయింది, పారేయండి. ఒకరికి వేసి ఇంకొకరికి వేసే మధ్యలో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి టిష్యూకి తుడిచి ఆరనివ్వండి, అది చల్లాం కదా అని కడగడం మాత్రం మానొద్దు. వెంట్రుక పడక దద్దుర్లు రావడం నేను చూసింది చాలా తక్కువ, వస్తే సింథటిక్‌కి మారండి, తగ్గకపోతే చర్మం డాక్టర్‌కి చూపించండి.