కారు మన చేతుల్లో – 6వ పాఠం: హీటర్ పెడితే చల్లగాలి వస్తోందా?

గత పాఠంలో రేడియేటర్ కడిగి కొత్త కూలెంట్ పోయడం నేర్చుకున్నాం. ఆ కూలెంటే ఇంకో దారిలో డ్యాష్‌బోర్డు వెనక్కి కూడా వెళ్తుంది. ఈసారి ఆ దారి సంగతి.

వరంగల్ ఎండలకు హీటర్ ఎందుకని చాలామంది అడుగుతారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. ఒక పుష్య మాసంలో నాగోబా జాతరకని రాత్రే బయల్దేరి కేస్లాపూర్ దారి పట్టాం. ఉట్నూరు దాటేసరికి పొగమంచు కమ్మేసింది. లోపల మా ఊపిరికే ముందు అద్దం మసకబారింది. నాబ్ ఎర్ర గీత చివరిదాకా తిప్పినా చల్లగాలే. వెనక సీట్లో అమ్మ శాలువా తలమీదికి లాక్కుంది. పక్కన బావ గుడ్డతో అద్దం తుడుస్తూనే ఉన్నాడు, తుడిచిన చోటే మళ్లీ ఆవిరి పట్టేది. ఎదురుగా లారీ లైట్లు బాగా దగ్గరికొస్తే గానీ కనపడలేదు. ఇక బండి రోడ్డు దించి తెల్లారేదాకా కూర్చున్నాం. హీటర్ వెచ్చదనం కోసమే కాదు, దారి కనపడటం కోసం కూడా అని ఆ రాత్రి తెలిసింది.

తిరిగొచ్చాక ఒక గ్యారేజీలో చూపిస్తే, "హీటర్ కోర్ పోయింది, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి" అన్నారు. విప్పనివ్వలేదు. అది మంచి పనైంది, ఎందుకో చెప్తాను.

హీటర్ కోర్ అంటే అరచేతికంటే కొంచెం పెద్ద రేడియేటర్. ఇంజన్‌లో కాగిన కూలెంట్ ఒక రబ్బరు పైపులో దానిలోకి వస్తుంది, ఇంకో పైపులో వెనక్కి పోతుంది. బ్లోయర్ గాలి దాని రెక్కల మధ్య నుంచి దూరి వేడెక్కుతుంది. మీరు నాబ్ తిప్పినప్పుడు చాలా కార్లలో కదిలేది ఒక ఫ్లాప్, అంటే గాలిని కోర్ మీదికి మళ్లించే చిన్న తలుపు.

ఇప్పుడు పరీక్ష. బండిని ఇరవై నిమిషాలు నడిపి, హీటర్ ఫుల్ వేడి మీద, బ్లోయర్ ఒకటో నంబరు మీద పెట్టండి. బానెట్ ఎత్తి, ఇంజన్ వెనక రేకు గోడలోకి దూరే రెండు పైపులను వెతకండి. ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా ఉండి, చేతి వెనక భాగంతో ఒక్క క్షణం తాకండి.

రెండూ కాలుతుంటే కోర్‌లోకి వేడి వస్తున్నట్టే. ఫ్లాప్ కేబుల్ ఊడిందో, ఫ్లాప్ తిప్పే చిన్న మోటారు పోయిందో చూడాలి. గాలే రాకపోతే బ్లోయర్ ఫ్యూజు, బ్లోయర్ వేగం మార్చే రెసిస్టర్ చూడండి.

రెండూ గోరువెచ్చగా ఉంటే తప్పు ఎక్కువగా ఇంజన్ వైపే. ముందు కూలెంట్ మట్టం చూడండి. ఆగి ఉన్నప్పుడు చల్లగా, రేస్ ఇస్తే వెచ్చగా వస్తూ, డ్యాష్‌బోర్డు వెనక గుడగుడ వినిపిస్తే లోపల గాలి చిక్కుకుందని అర్థం. కూలెంట్ సరిగా ఉండి, హైవే మీద టెంపరేచర్ ముల్లు కిందికి పడిపోతుంటే థర్మోస్టాట్‌ను, అంటే ఇంజన్ కాగేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్‌ను, అనుమానించాలి. నా బండిలో జరిగింది ఇదే. అంతకుముందు ఎండాకాలంలో బండి వేడెక్కుతోందంటే ఒక మెకానిక్ ఆ వాల్వ్ తీసి పక్కన పడేశాడు. మన వైపు ఈ అలవాటు ఉంది, దయచేసి చేయనివ్వకండి. ఆ వాల్వ్ ఇంజన్‌ను 80–90 డిగ్రీలకు త్వరగా చేర్చడానికే ఉంది. అది లేకపోతే హీటర్ చల్లబడుతుంది, మైలేజీ తగ్గుతుంది, ఇంజన్ త్వరగా అరుగుతుంది. కొత్త వాల్వ్, కొత్త రబ్బరు రింగు వేశాను, అంతే. డ్యాష్‌బోర్డు ముట్టుకోలేదు.

ఒక పైపు కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయి ఉండొచ్చు. కోర్‌లోకి కూలెంట్‌ను వదిలే హీటర్ వాల్వ్ ఉన్న కారైతే అది తెరుచుకుంటోందో లేదో ముందు చూసుకోండి. పూడిక మన బోరు నీళ్ల పుణ్యమే. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డుకు తెల్లగా పెచ్చు కడుతుంది కదా, రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తే కోర్‌లోని సన్నటి గొట్టాల్లోనూ అదే జరుగుతుంది. ఇంజన్ చల్లారాక రెండు పైపులూ ఊడదీసి, నీళ్లు బయటికొచ్చే పైపు నుంచి లోపలికి నెమ్మదిగా నీళ్లు పంపండి. మొదట టీ రంగులో, తర్వాత పెచ్చులతో వస్తాయి, తేటగా వచ్చేదాకా ఆగకండి. కంప్రెసర్ గాలి మాత్రం పెట్టొద్దు, పల్చటి అల్యూమినియం పగిలిపోతుంది. చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి.

కోర్ మార్చక తప్పని గుర్తులు వేరు. పక్క సీటు కింద కార్పెట్ తడిగా, జిగటగా ఉంటుంది. బ్లోయర్ వేస్తే తీపి వాసన వస్తుంది. అద్దం మీద తుడిచినా పోని జిడ్డు పొర పడుతుంది. కూలెంట్ నెలనెలా తగ్గుతుంది. కార్పెట్ కింద తడి మామూలు నీళ్లయితే అది ఎక్కువగా ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ గొట్టం మూసుకుపోవడం, కోర్ తప్పు కాదు.

మార్చేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసి కనీసం పది నిమిషాలు ఆగండి, ఎయిర్‌బ్యాగ్ వైర్లు అక్కడే ఉంటాయి. కొన్ని కార్లలో పక్క ప్యానెల్ తీస్తే కోర్ జారి వస్తుంది. కొన్నిట్లో డ్యాష్‌బోర్డు దించి, ఏసీ గ్యాస్ మెషీన్‌తో తీయించాలి. ఆ రకమైతే ఒంటరిగా మొదలుపెట్టకండి. పాత పైపు పట్టుకుపోతే మెలిపెట్టకండి, కోర్ మూతి విరుగుతుంది. బ్లేడుతో పైపును పొడవునా చీరి ఒలవండి. పాత కోర్ చుట్టూ ఉన్న ఫోమ్ పట్టీలు కొత్తదానికీ వేయాలి, లేకపోతే గాలి పక్కసందుల్లోంచి చల్లగానే పోతుంది. అన్నీ బిగించేముందు కూలెంట్ పోసి, ఇంజన్ నడిపి, పైపుల దగ్గర లీకు చూసుకోండి.

కూలెంట్ దారిలో చిక్కుకున్న గాలి తీయడానికి ఇంటి ముందు ర్యాంపు చాలు. ముందు చక్రాలు పైకి పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ పోస్తూ, హీటర్ ఫుల్ మీద ఇంజన్ నడపండి. బుడగలు ఆగి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగాక మూత పెట్టండి. కాగిన ఇంజన్ మూత మాత్రం ఎప్పుడూ తీయొద్దు. కింద పడిన పాత కూలెంట్‌ను వెంటనే కడిగేయండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, కొంచెమైనా చచ్చిపోతాయి. పిల్లలకూ అది విషమే.

వచ్చే పాఠం బ్లోయర్ వైరింగ్. ఆలోగా మీ కారులో ఆ రెండు పైపులు ఎక్కడున్నాయో వెతికి, వేడిగా ఉన్నప్పుడు ఒకసారి తాకి చూసి, ఏది లోపలికి పోయేదో సుద్దతో గుర్తు పెట్టుకోండి.