ట్రైలర్‌కి సోలార్ కరెంటు – 3వ పాఠం: ప్యానెల్ నుంచి బ్యాటరీ దాకా

గత పాఠంలో ఒక లెక్క దగ్గర ఆగాం. చిన్న ఫ్రిజ్, లైట్లు, ఫ్యాను, ఫోన్లు, ల్యాప్‌టాప్ అన్నీ కలిపి మన ట్రైలర్‌కి రోజుకి 600 వాట్ అవర్స్ కావాలని తేలింది. 100 వాట్ల ప్యానెళ్లు రెండు పెడదాం అనుకున్నాం. నిండు ఎండ 5 గంటలకు సమానంగా దొరికితే 1000 వాట్ అవర్స్ వస్తాయి. కాగితం మీద బోలెడంత మిగులు. కానీ ప్యానెల్ వెనక రాసి ఉన్న వాట్లన్నీ బ్యాటరీకి చేరవు. దారిలో ఎక్కడెక్కడ పోతాయో, వాటిలో మనం ఆపగలిగినవి ఏవో ఈ పాఠంలో చూద్దాం.

ముందు వేడి సంగతి. ప్యానెల్ మీద వేసే వాట్లు ల్యాబ్‌లో కొలిచినవి. అక్కడ చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుతురు పడుతుంది, సెల్ (ప్యానెల్‌లో కరెంటు పుట్టించే ఒక్కో పలక) మాత్రం 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఎండలో నిలిపిన ట్రైలర్ కప్పు మీద అదే సెల్ 60 డిగ్రీలకు చేరడం మామూలే. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున పవర్ పడిపోతుంది కాబట్టి, 35 డిగ్రీలు పెరిగితే 12 శాతం పోయినట్టే. 200 కాస్తా 176 అవుతుంది. దీన్ని పూర్తిగా ఆపలేం కానీ తగ్గించగలం. ప్యానెల్‌ని బ్రాకెట్ల మీద రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేపి బిగిస్తే కింద గాలి ఆడుతుంది. జిగురుతో కప్పుకి అతికించే వంగే ప్యానెళ్లకు ఆ గాలి అందదు. బరువు తక్కువని చాలామంది వాటివైపు మొగ్గుతారు. కప్పు బరువు మోయగలిగితే మాత్రం గట్టి ఫ్రేమున్నవే తీసుకోమంటాను.

దుమ్ముకి, ప్యానెల్ పాతబడటానికి ఇంకో 10 శాతం పక్కన పెడదాం. చేతిలో సుమారు 158 వాట్లు మిగిలాయి.

ఇప్పుడు నీడ. వేడి పదో పన్నెండో శాతం తింటే నీడ ఏకంగా సగం మింగేస్తుంది. 100 వాట్ల ప్యానెల్‌లో సాధారణంగా 36 సెల్స్ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. వరసలో ఒక్క సెల్‌కి వెలుతురు ఆగితే మొత్తం వరసకి కరెంటు ఆగుతుంది. అలా కాకుండా 18 సెల్స్‌కి ఒకటి చొప్పున బైపాస్ డయోడ్ పెడతారు. నీడ పడిన సగాన్ని అది పక్కకు తప్పిస్తుంది. అంటే అరచేతంత ఆకు ఒక సెల్‌ని కప్పినా సగం ప్యానెల్ పోయినట్టే. అందుకే బిగించే ముందు ప్యానెళ్లను కప్పు మీద ఊరికే పరిచి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కి చూడండి. ఏసీ పెట్టె, గాలి కోసం పెట్టిన వెంట్ మూత, యాంటెన్నా ఎటు నీడ వేస్తున్నాయో కళ్లారా చూశాకే డ్రిల్లు చేతపట్టండి. చెట్ల కింద ఆగే అలవాటుంటే రెండు ప్యానెళ్లనీ ప్యారలల్‌గా, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలపడం మేలు. ఒకటి నీడలో ఉన్నా రెండోది తన పని తాను చేసుకుపోతుంది. మూడు, అంతకన్నా ఎక్కువ ప్యారలల్‌గా కలిపితే ఒక్కోదానికీ విడిగా ఫ్యూజు ఉండాలి.

ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె ఛార్జ్ కంట్రోలర్. ఇందులో రెండు రకాలు. పీడబ్ల్యూఎం రకం ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజీకి కట్టిపడేస్తుంది. మన 100 వాట్ల ప్యానెల్ 18 వోల్టుల దగ్గర 5.5 ఆంప్స్ ఇస్తుందనుకోండి. బ్యాటరీ 13 వోల్టుల దగ్గర ఉంటే వచ్చేది 13 ఇంటూ 5.5, అంటే 72 వాట్లు. ఎంపీపీటీ రకం ఆ అదనపు వోల్టులను ఆంప్స్‌గా మార్చి బ్యాటరీకి పంపుతుంది, తనకోసం ఓ 5 శాతం దాకా తీసుకుంటుంది. మండే ఎండలో ప్యానెల్ వోల్టేజీ ఎలాగూ తగ్గుతుంది కాబట్టి రెండింటికీ తేడా అంతగా కనిపించదు. చలి ప్రదేశాల్లో బాగా కనిపిస్తుంది. ఇళ్ల మీద పెట్టే 30 వోల్టులకు పైబడిన ప్యానెల్ వాడుతుంటే మాత్రం ఆలోచించే పనే లేదు, ఎంపీపీటీ కావాల్సిందే.

ఇక వైరు. దీన్ని అందరూ చివర్లో, మిగిలిన డబ్బుతో కొంటారు. కంట్రోలర్‌కి బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 10 మీటర్ల రాగి. అందులో 10 ఆంప్స్ పారితే 1.5 స్క్వేర్ ఎంఎం (వైరు లోపలి రాగి మందం కొలత) వైరులో 1.15 వోల్టులు కరిగిపోతాయి. 12 వోల్టుల సిస్టంలో అది దాదాపు పదో వంతు. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే 0.43 వోల్టులే పోతాయి.

నష్టం వాట్లతో ఆగదు. కంట్రోలర్ తన టెర్మినల్ దగ్గరి వోల్టేజీనే బ్యాటరీ వోల్టేజీ అనుకుంటుంది. అక్కడ 14.2 కనిపిస్తుంటే, సన్నటి వైరు అవతల బ్యాటరీకి అందేది 13.7 కావచ్చు. నిండిపోతోందనుకుని కంట్రోలర్ ముందే కరెంటు తగ్గించేస్తుంది. బ్యాటరీ రోజూ కొంచెం అరకొరగానే నిండుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా చాలాకాలం ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కెపాసిటీ తగ్గిపోతుంది. కాబట్టి పొడవాటి వైరు ఏదైనా ఉంటే అది ప్యానెల్ వైపు ఉండాలి. కంట్రోలర్ బ్యాటరీ పక్కనే, మీటరులోపు ఉండాలి.

ఇందాకటి 158 వాట్లలోంచి ఎంపీపీటీ కంట్రోలర్ 5 శాతం, వైర్లు 3 శాతం తీసేస్తే మిగిలేది 146 వాట్లు, 5 గంటలకు 730 వాట్ అవర్స్. మనకు కావాల్సింది 600. నీడ లేకుండా చూసుకుంటే సరిపోతుంది. వరసగా రెండు రోజులు మబ్బు పట్టినప్పుడు ఆదుకోవాల్సింది బ్యాటరీ. దాని సైజు వచ్చే పాఠంలో లెక్కిద్దాం.

కనెక్షన్ ఇచ్చేటప్పుడు ముందు కంట్రోలర్‌కి బ్యాటరీ, ఆ తర్వాతే ప్యానెల్. చాలా కంట్రోలర్లు బ్యాటరీని చూసే అది 12 వోల్టుల సిస్టమా, 24 వోల్టులదా అని తేల్చుకుంటాయి. విప్పేటప్పుడు దీనికి రివర్స్‌లో, ముందు ప్యానెల్. కరెంటు పారుతుండగా ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ లాగకండి, ప్యానెల్ ఇచ్చే డీసీ కరెంటులో నిప్పురవ్వ అంత త్వరగా ఆరదు. ముందు ప్యానెళ్ల మీద మందపాటి దుప్పటి కప్పి, ఆ తర్వాత విప్పండి. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కి వీలైనంత దగ్గర్లో ఫ్యూజు పెట్టందే ఒక్క లైటు కూడా వెలిగించొద్దు. షార్ట్ అయితే బ్యాటరీ వందల ఆంప్స్ వదులుతుంది, వైరు ఎర్రగా కాలడానికి క్షణాలు చాలు.

వచ్చే పాఠంలోపు ఒక పని చేయండి. ఇప్పటికే సిస్టం ఉన్నవాళ్లు మిట్టమధ్యాహ్నం, బ్యాటరీ ఇంకా నిండకముందు, మల్టీమీటర్‌తో కంట్రోలర్ బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఒకసారి, బ్యాటరీ టెర్మినళ్ల మీదే ఒకసారి వోల్టేజీ కొలవండి. తేడా 0.2 వోల్టులు దాటితే ముందు స్క్రూలు బిగించి మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గకపోతే వైరు మార్చండి. ఇంకా కొననివాళ్లు ట్రైలర్ లోపల టేపు పరిచి, ప్యానెల్ నుంచి కంట్రోలర్‌కి, కంట్రోలర్ నుంచి బ్యాటరీకి వైరు నిజంగా తిరగాల్సిన దారంతా కొలిచి రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ రెండు కొలతలూ కావాలి.