తేనెపిట్టల గుర్తింపు: సమస్య - పరిష్కారం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పెరళ్లలో మందార మొక్కల చుట్టూ తిరిగేవి ప్రధానంగా రెండు రకాలు: ఊదా తేనెపిట్ట, ఊదా నడుము తేనెపిట్ట.

సమస్య: పుస్తకంలో నీలి ఊదా మెరుపు ఉంది, పెరట్లోని పిట్ట మాత్రం నల్లగా ఉంది.

కారణం వెలుతురే. ఆ మెరుపు ఈకల అల్లికపై కాంతి పడే కోణాన్ని బట్టి వస్తుంది కాబట్టి, ఎండకు ఎదురుగా నిలబడితే ఏ మగ తేనెపిట్టైనా నల్లగానే కనబడుతుంది. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా జరిగి చూడండి. ఇంత తేలికైన పరీక్షను వదిలేసి కొత్త జాతి కనబడిందని ఫొటోలు పంపేవారే ఎక్కువ.

సమస్య: పైన ఆకుపచ్చ గోధుమ వన్నె, కింద లేత పసుపు, గొంతు నుంచి పొట్ట దాకా మధ్యలో ఒక్క నల్లని పట్టీ, ఏ బొమ్మతోనూ సరిపోదు.

ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. ఇది వేరే జాతి కాదు, సంతాన కాలం ముగిశాక మెరిసే ఈకలు రాల్చిన మగ ఊదా తేనెపిట్ట. వానలు వెనుకబట్టాక, చలికాలం తొలి నెలల్లో ఈ వేషం ఎక్కువగా కనిపిస్తుంది. మళ్లీ ఈకలు మారేటప్పుడు ఒంటి నిండా నల్ల మచ్చలతో ఇంకా గందరగోళంగా ఉంటుంది, మోదుగలు పూసే నాటికి చాలా పిట్టలు పూర్తిగా నల్లబడతాయి. పరిష్కారంగా మొదట ఆ పట్టీని చూడండి, ఆ తరువాత అది మందారం మొదట్లో ముక్కుతో పొడిచి తేనె పీల్చే క్షణంలో రెక్క మడతను గమనించండి: భుజం దగ్గర నీలి లోహపు మెరుపు కనబడితే సందేహం అక్కర్లేదు. ఆడదానికి పట్టీ గానీ మెరుపు గానీ ఉండవు. ఊదా నడుము తేనెపిట్ట మగది ఇలా వేషం మార్చదు, ఏడాది పొడవునా దాని రొమ్ముకు అడ్డంగా ముదురెరుపు పట్టీ ఉంటుంది.

సమస్య: ఆడపిట్టలు రెండూ ఒకేలా ఉన్నాయి.

గొంతు చూడండి. గొంతు కూడా పసుపైతే ఊదా తేనెపిట్ట, గొంతు బూడిద తెలుపై రొమ్ము మాత్రం పసుపైతే ఊదా నడుము తేనెపిట్ట.

ముక్కు మరీ పొడవుగా, బాగా వంగి, పొట్ట గోధుమరంగులో ఉంటే లోటెన్ తేనెపిట్ట కావచ్చు, అయితే ముందుగా పైవాటిని తోసిపుచ్చండి. ముక్కు పొట్టిగా ఉండి, మామిడి మీది బదనిక పండ్ల కోసం తిరిగే పిట్ట అసలు తేనెపిట్టే కాదు.