మార్నింగ్ గ్లోరీ పేరు చెప్పాలంటే పువ్వును వెనక్కి తిప్పండి

పోయినేడాది వానలు మొదలయ్యాక మా మిద్దెతోటలో ఒక తీగ పూసింది. పొద్దున చూస్తే గొట్టం తెల్లగా, పైన అంతా లేత నీలం. పదకొండయ్యేసరికి అదే పువ్వు గులాబీ రంగుకు తిరిగి ముడుచుకుపోయింది. ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే అరగంటలో నాలుగు పేర్లొచ్చాయి: శంఖుపుష్పం, విష్ణుక్రాంత, హెవెన్లీ బ్లూ, రైల్వే క్రీపర్. నాలుగూ తప్పే. విత్తనాల ప్యాకెట్ మీద ఐపోమియా పర్పూరియా (మార్నింగ్ గ్లోరీల్లో ఒక జాతి) అని ఉంది, అదీ తప్పే. ఈలోగా పక్కింటి ఆంటీ శంఖుపుష్పమే అనుకుని నీలం టీ పెట్టుకుంటానని గిన్నె పట్టుకుని పైకొచ్చేశారు, అప్పుడు పట్టుకుంది నాకు టెన్షన్. మార్నింగ్ గ్లోరీ కుటుంబంలో చాలా తీగల విత్తనాలు విరేచనాలు పట్టిస్తాయి, కొన్నిటిలో మెదడు మీద పనిచేసే ఆల్కలాయిడ్లు కూడా ఉంటాయి. పేరు తేలేదాకా ఏదీ నోట్లో పెట్టుకోవద్దు.

ముందు అసలు ఇది మార్నింగ్ గ్లోరీయేనా అన్నది తేల్చుకోవాలి. శంఖుపుష్పం చిక్కుడు కుటుంబానిది: ఒక్కో ఆకులో ఐదో ఏడో చిన్నాకులుంటాయి, పువ్వులో ఒక రేకు మాత్రం పెద్దది, కాయ సన్నటి చిక్కుడుకాయలా ఉంటుంది. మార్నింగ్ గ్లోరీకి రేకులన్నీ అతుక్కుపోయి గరాటులా ఉంటాయి, మొగ్గేమో మడిచిన గొడుగులా మెలితిరిగి ఉంటుంది. విష్ణుక్రాంత ఇదే కుటుంబం కానీ నేలబారున పాకే చిన్న మొక్క, పువ్వు వేలిగోరంతే. నర్సరీల్లో దొరికే థన్‌బెర్జియా మాత్రం దూరం నుంచి బాగానే మోసం చేస్తుంది, దాని పువ్వు అడుగున రెండు పెద్ద డిప్పల్లాంటి పత్రాలు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయండి.

ఇప్పుడు ఫోన్ టార్చ్ వేసి గొట్టం లోపలికి చూడండి. మధ్యలో నిలబడ్డ కీలం (అండాశయం నుంచి పైకి లేచే సన్నటి కాడ) చివర చిన్న గుండు, కొన్నిటికి రెండు మూడు బుడిపెలు కలిసిన గుండు ఉంటే అది ఐపోమియా. గుండు బదులు రెండు సన్నటి పోగుల్లా చీలి ఉంటే కన్వాల్వులస్ అయ్యే అవకాశం ఎక్కువ.

ఐపోమియా అని తేలాక కొన్నింటిని ఆకు చూసే చెప్పేయొచ్చు. ఆకు ఈకలా సన్నగా చీలి, చిన్న ఎర్ర నక్షత్రాల్లాంటి పువ్వులుంటే కాశీరత్నం, అంటే ఐపోమియా క్వామోక్లిట్. అరచెయ్యి చాపినట్టు ఐదు భాగాలుగా మొదలుదాకా చీలిన ఆకు, లేత ఊదా పువ్వు, గొంతులో ముదురు రంగు ఉంటే రైల్వే క్రీపర్, ఐపోమియా కైరికా. పేరుకు తగ్గట్టే రైలు పట్టాల పక్క కంచెలంటే దానికి ప్రాణం, హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ ఎక్కినప్పుడు కిటికీలోంచి ఓ కన్నేసి చూడండి. మూసీ ఒడ్డున, చెరువు గట్ల మీద పొదల్లా పెరిగే లేత గులాబీ పువ్వుల లొట్టపీసు ఐపోమియా కార్నియా. అసలది తీగే కాదు, మేకలు తింటే జబ్బు పడతాయి. నీళ్లలో తేలే బోలు కాడలది తూటికూర. చిలగడదుంప కూడా వీటి చుట్టమే, దాని తీగ పూస్తే అచ్చం మార్నింగ్ గ్లోరీ పువ్వే.

అసలు తలనొప్పి నీలం, ఊదా పువ్వుల ఐదు తీగలతోనే: నిల్, పర్పూరియా, హెడెరేసియా, ఇండికా, ట్రైకలర్. రంగు చూసి ఎవరైనా పేరు చెప్తే నమ్మకండి. ఒకే జాతిలో తెలుపు, గులాబీ, నీలం అన్నీ ఉంటాయి, పైగా ఒకే పువ్వు రంగు మారుతుంది. హెవెన్లీ బ్లూ మొగ్గ ఎర్రటి ఊదాగా ఉండి విచ్చుకునేటప్పుడు నీలం అవుతుంది. రేకు కణాల్లోని రసం పీహెచ్ దాదాపు 6.6 నుంచి 7.7కు పెరగడమే దానికి కారణం, స్కూల్లో లిట్మస్ కాగితం చేసిన పనిలాంటిదే. ఆకుని కూడా గుడ్డిగా నమ్మలేం. పర్పూరియాకి ఒకే తీగ మీద హృదయాకారం ఆకూ, మూడు పాయల ఆకూ రెండూ రావచ్చు.

అందుకే పువ్వును వెనక్కి తిప్పమంటున్నాను. గొట్టం అడుగున ఐదు ఆకుపచ్చ రక్షకపత్రాలుంటాయి, అక్కడ ఒక స్కేలు పెట్టండి. మా తీగకి అవి రెండు సెంటీమీటర్లున్నాయి. అడుగున వెడల్పుగా మొదలై పైకి తోకలా సన్నగా సాగాయి, మొదలు దగ్గర గొంగళిపురుగు వీపులా గరుకైన నూగు ఉంది, కొసలు మాత్రం బయటికి వంగలేదు. అదే నిల్. కొసలు బయటికి కొక్కెంలా వంగి, నూగు ఇంకా దట్టంగా, పువ్వు కాస్త చిన్నదిగా ఉంటే హెడెరేసియా. పర్పూరియాకీ నూగుంటుంది, కాకపోతే రక్షకపత్రాలు పొట్టివి, ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు, తోక లేకుండా మామూలుగా మొన తేలి ఆగిపోతాయి. ప్యాకెట్ మీది పేరు తప్పని నాకు అర్థమైంది ఇక్కడే. ట్రైకలర్‌వి అర సెంటీమీటరు అటూ ఇటూ, నున్నగా, నూగే ఉండదు, ఆకు కూడా నున్నటి హృదయాకారమే. హెవెన్లీ బ్లూ ఈ జాతిలోని రకం.

ఇండికాకి రక్షకపత్రాలు పొడుగ్గానే ఉంటాయి కానీ గరుకు నూగు ఉండదు, తాకితే మెత్తగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఎవరింటి ప్రహరీనో కప్పేసి, రోజూ వందల పువ్వులు పూసి కూడా ఒక్క కాయ కాయని తీగ కనిపిస్తే నేను ముందు ఇండికానే అనుమానిస్తాను, ఎందుకంటే అది కాయడం అరుదు, కొమ్మలు నాటే పెంచుతారు. పేరులో ఇండియా ఉంది కదా అని మనదనుకోకండి, దాని పుట్టిల్లు అమెరికా ఖండాల ఉష్ణమండలం.

పరీక్ష పొద్దున ఆరు, తొమ్మిది మధ్యలో పెట్టుకుంటే మంచిది, మధ్యాహ్నానికి చేతిలో నలిగిన గుడ్డపేలికే మిగులుతుంది. ఎవరినైనా అడిగేటప్పుడు ఎదురుగా తీసిన అందమైన ఫొటో ఒక్కటే పంపకండి, దానితో ఎవరూ ఏమీ చెప్పలేరు. పక్క నుంచి రక్షకపత్రాలు కనిపించేలా ఒకటి, ఒకే తీగ మీది నాలుగైదు ఆకులు వరసగా పేర్చి ఒకటి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని కాండం నూగుది ఒకటి, కాయ ఉంటే కాయది కూడా పంపండి. కాయ అడ్డంగా కోస్తే నిల్, పర్పూరియా, హెడెరేసియాలకు మూడు గదులు, ట్రైకలర్‌కు రెండే.

ఇక పేరు రాసే పద్ధతి. ముందు ప్రజాతి, తర్వాత జాతి: ఐపోమియా నిల్. తోటల్లో పెంచిన రకం పేరుంటే ఒంటి కోట్స్‌లో పెట్టాలి: ఐపోమియా ట్రైకలర్ ‘హెవెన్లీ బ్లూ’. ఇంగ్లీషు లిపిలోనైతే ప్రజాతి పేరుకూ, కోట్స్‌లోని రకం పేరుకూ పెద్దక్షరం, జాతి పేరుకు చిన్నక్షరం; మన లిపిలో ఆ బాధ లేదు. ఐపోమియా అంటే గ్రీకులో పురుగులాంటిదని, స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో వాడిన పేరు. నిల్ మాత్రం అరబ్బీ మీదుగా వెళ్లిన మన ‘నీల’ శబ్దమే. ఫార్బిటిస్ నిల్ అని ఎక్కడైనా కనిపిస్తే కంగారు పడకండి, ఇదే మొక్క పాత పేరు. ఇంకో పాత తప్పుంది: ట్రైకలర్ విత్తనాలను ఐపోమియా వయోలేసియా అని అమ్మేస్తుంటారు. అసలు వయోలేసియా సముద్రతీరాల్లో పెరిగే, రాత్రిపూట తెల్లగా పూసే వేరే తీగ.

కాయలూ లేవు, రక్షకపత్రాలూ పురుగు తినేసిందంటే చీటీ మీద ఐపోమియా అని మాత్రం రాసి జాతి దగ్గర ఖాళీ వదిలేయండి. రక్షకపత్రాలు నిల్ అని చెప్పినా, మా కుండీ చీటీని నెల్లాళ్లు అలాగే ఉంచాను. కాయ ఎండాక కోసి మూడు గదులు లెక్కపెట్టాకే ‘నిల్’ రాశాను, ఆంటీకి శంఖుపుష్పం విత్తనాలు వేరే తెచ్చిచ్చాను.