చారు, చారుశీల: ‘చ’ పలికే తీరు

పిల్లలతో, ముఖ్యంగా తెలుగు నేలకు దూరంగా పెరిగేవాళ్లతో, తెలుగు చదివించేటప్పుడు ‘చ’, ‘జ’ల దగ్గర కాస్త ఆగండి. రాతలో ఒకటే అక్షరం, నోట్లో రెండు. పక్కనున్న అచ్చు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఇ, ఎ ఉంటే (చిలక, చెట్టు, జీడి) నాలుక అంగిలిని తాకుతుంది. అ, ఉ, ఒ ఉన్న అచ్చతెలుగు మాటల్లో (చలి, చుక్క, జొన్న) పైపళ్ల వెనక ఆనుతుంది. సంస్కృతం నుంచి వచ్చినవాటిలో మళ్లీ అంగిలే. అందుకే అన్నంలో పోసుకునే చారు వేరు, చారుశీలలోని చారు వేరు. జున్ను, జనం కూడా అంతే. పాత నిఘంటువుల్లో పళ్ల దగ్గర పలికేవాటిని ౘ, ౙ అని గుర్తు పెట్టి అచ్చువేసేవారు, ఎంత చక్కని ఏర్పాటో! పిల్లల వాచకంలో ఆ గుర్తు పెన్సిల్‌తో మీరే పెట్టేయండి.